దించమ్మ గారి ఆకాశం

పిడుగు వాళ్ల అమ్మమ్మకు మాటలు చాలానే వచ్చు గానీ, వాటిలో ఆమెకు ఇష్టమైనది ఒక్కటే. దించు.

ఎదుటివాళ్లు ఏం చేస్తున్నా, ఎంత ఎత్తున ఉన్నా, అమ్మమ్మ ఇచ్చే సలహా అదే. స్టవ్ మీద పాలు ఇంకా గోరువెచ్చగా కూడా కాలేదు, పక్క గదిలోంచి వినిపిస్తుంది, "దించు!" తాతయ్య పేపరు చదువుతూ ఎవరినో తిట్టుకుంటే, "గొంతు దించండి." పిడుగు సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటుంటే, "ఆ కాళ్లు దించు." ఆటో ఎక్కిందంటే, వెళ్లాల్సిన చోటు ఇంకా రెండు వీధుల అవతల ఉండగానే, "ఇక్కడ దించెయ్ బాబూ" అంటుంది. ఆటోవాడు గతుక్కుమని బ్రేకు వేస్తాడు. ఆ రెండు వీధులూ తాతయ్య సంచులు మోసుకుంటూ నడుస్తాడు.

"ముందే దిగితే నడిచి పోవచ్చు. దాటిపోయాక దిగితే వెనక్కి రావాలి" అంటుంది అమ్మమ్మ, చేతులూపుకుంటూ ముందు నడుస్తూ.

"సంచులు నీ చేతిలో ఉంటే అప్పుడు తెలిసేది" అంటాడు వెనకనుంచి తాతయ్య. అమ్మమ్మకు వినబడకుండా అంటాడు. ఆయన గొంతును ఆమె ఎప్పుడో దించేసింది మరి.

మాట ఒకటే అయినా దాంతో అమ్మమ్మ చక్కబెట్టని పని లేదు. పిడుగుకు పదో తరగతిలో ఒక్కసారంటే ఒక్కసారి లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. వాళ్లమ్మ ఆ కాగితాన్ని ఇంటింటికీ తిప్పి చూపించింది. అందరూ మెచ్చుకున్నారు. అమ్మమ్మ మాత్రం కళ్లజోడు పెట్టుకుని కాగితం వంక ఒకసారి, మనవరాలి వంక ఒకసారి చూసి, "ఎవరి దగ్గర దించావే?" అంది. నిజంగానే పక్క బెంచీ పిల్ల పేపరు చూసి దించింది. అది అమ్మమ్మకు ఎలా తెలిసిందో ఇప్పటికీ పిడుగుకు అంతుపట్టలేదు.

ఆ మాట ఆమెకు ఊరికే అంటుకోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఓడరేవులో క్రేను నడిపింది. ఇల్లంత ఇనప పెట్టెను ఓడలోంచి పైకి లేపి, కింద లారీ మీద చప్పుడు కాకుండా కూర్చోబెట్టాలి. లేపేటప్పుడు ఎవరూ చూడరు. దించేటప్పుడు మాత్రం రేవంతా నోరు తెరుచుకుని చూస్తుంది. ఆమె రిటైరయ్యాక ఇంట్లో కాస్త విశ్రాంతి దొరుకుతుందని తాతయ్య ఆశపడ్డాడు, తనకు. ఆఖరి రోజు పార్టీలో ఎవరో కుర్రాడు డ్రోను ఎగరేసి క్రేను కొసను ఫోటో తీశాడు. అందరూ తలలెత్తి చప్పట్లు కొట్టారు. అమ్మమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న, "బాబూ, దీన్ని దించేదెవరు?"

అంతే. నేర్చుకుంది, పరీక్ష రాసింది, నేర్పడానికి లైసెన్సు తెచ్చుకుంది. మూతపడిన బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలం అద్దెకు తీసుకుని డ్రోను పైలట్ల శిక్షణ కేంద్రం తెరిచింది. ఒక మైదానం, మైదానం చివర రేకుల గోదాం, ఈ చివర ఒక గది. గదిలో గోడ పొడుగునా చార్జింగు పెట్టిన బ్యాటరీలు, వాటి ముందు స్టూలు వేసుకుని తాతయ్య. బ్యాటరీల శాఖ ఆయనకిచ్చింది. నిండినవి ఎడమ అరలో, ఖాళీవి కుడి అరలో పెట్టాలి. ఒకసారి తాతయ్య పొరపాటున ఒక ఖాళీ బ్యాటరీని ఎడమ అరలో పెట్టాడు. ఆ రోజంతా ఆయన తల దించుకునే ఉన్నాడు, ప్రత్యేకంగా ఎవరూ చెప్పకుండానే.

దించమ్మ అనే పేరు మొదటి బ్యాచిలోనే వచ్చింది. అందులో ఒక ఆడపిల్ల ఉండేది, అమ్మమ్మ అరుపులన్నీ ఆ పిల్లకే. మైదానంలో పొద్దంతా "దించమ్మా! దించమ్మా!" అని వినిపించేది. పార్శిలు తెచ్చినవాడు గేటు దగ్గర కాసేపు నిలబడి విని, లోపలికొచ్చి, "దించమ్మ గారంటే ఎవరండీ?" అన్నాడు. "నేనే, ఇటు దించు" అంది అమ్మమ్మ. ఆ తర్వాత వచ్చిన పార్శిళ్లన్నీ ఆ పేరు మీదే వచ్చాయి. కరెంటు బిల్లు కూడా అదే పేరుతో వస్తుందేమోనని తాతయ్యకు బెంగ.

ఇక పిడుగు. ఆ పేరు పెట్టింది అమ్మమ్మే. "ఎవరూ దించకుండా పైనుంచి దిగేది అదొక్కటే" అని కారణం కూడా చెప్పింది. డిగ్రీ రెండో ఏడాదిలో పిడుగు డిగ్రీని వదిలేసిందో, డిగ్రీయే పిడుగును వదిలేసిందో ఇంట్లో ఇంకా తేలలేదు. "నావల్ల కాదు, నువ్వే దారిలో పెట్టు" అని వాళ్లమ్మ తెచ్చి అమ్మమ్మ ఇంట్లో దించి పోయింది. అలా పిడుగు డ్రోను బ్యాచిలో చేరింది.

చేరిన మొదటి రోజే పిడుగుకు తాను ఆకాశం కోసం పుట్టానని తెలిసిపోయింది. చిన్నప్పటినుంచీ ఫోన్లో ఆటలాడి అరగదీసిన బొటనవేళ్లు ఆమెవి. రిమోటు మీది రెండు స్టిక్కులూ ఆ వేళ్ల కోసమే చేసినట్టున్నాయి. ఇలా నెట్టగానే డ్రోను గుయ్యిమని లేచింది. నడుమెత్తు దాటింది, తలెత్తు దాటింది.

"దించు" అంది అమ్మమ్మ.

"ఇప్పుడేగా అమ్మమ్మా లేపింది!"

"లేపావుగా. ఇక దించు."

దించింది. మళ్లీ లేపింది. ఈసారి గోదాం రేకుల ఎత్తుకు వెళ్లింది. అవతల చెట్ల కొసలు కూడా కనిపిస్తున్నాయి.

"దించు."

"నేను ఆకాశం చూడ్డానికి చేరానా, నేల చూడ్డానికి చేరానా?"

"నేల ఎక్కడుందో తెలిశాక ఆకాశం చూడొచ్చు. దించు."

బ్యాచిలో పిడుగు కాక మరో ఇద్దరున్నారు. ఒకడు ఇంజనీరు. వంతెనల కింద పగుళ్లు ఫోటోలు తీయించడానికి వాళ్ల ఆఫీసు పంపింది. నెమ్మదైనవాడు, ఏ పనీ రెండుసార్లు సరిచూసుకోకుండా చెయ్యడు. రెక్కలు బిగించాడో లేదో చూసి, మళ్లీ చూసి, గాలి ఎటు వీస్తోందో గడ్డి పరక ఎగరేసి చూస్తుంటే, "ఇంజనీరూ, దించు!" అని కేక వినబడింది.

"మేడం, నేనింకా లేపలేదండీ."

"అయితే లేపి దించు!"

రెండో ఆయన దర్జీ. నెరిసిన మీసం, మెడలో అలవాటుగా టేపు. అది వేసుకోకపోతే చొక్కా వేసుకోనట్టుంటుందట. రెడీమేడ్ బట్టలొచ్చాక ఆయన దుకాణానికి వచ్చేవాళ్లు తగ్గిపోయి, చివరికి చిరుగులు కుట్టించుకునేవాళ్లే మిగిలారు. దుకాణం మూసేశాడు. పండ్లతోటలకు డ్రోనుతో మందు చల్లే కంపెనీ ఒకటి, ఈ పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెస్తే ఉద్యోగం ఇస్తానంది. తేలేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"మావాడు నవ్వుతున్నాడమ్మా" అని పిడుగుతో చెప్పాడొకసారి, టీ తాగుతూ. "ఈ వయసులో బొమ్మ విమానాలేంటి నాన్నా, మిషను అమ్మేసి ఇంట్లో కూర్చో అంటాడు. కూర్చోవడం నాకు కొత్తా? ముప్పొద్దులా కూర్చునే పనిచేశాను. కానీ మిషను ముందు కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు రాదు."

నేర్చుకోవడంలో దర్జీ తీసిపోయే మనిషి కాదు. డ్రోను ముఖం మనవైపు తిరిగితే ఎడమ కుడి తారుమారవుతాయి. ఎడమకు నెడితే అది మన కుడికి పోతుంది. ఇంజనీరు అక్కడే నాలుగు రోజులు తల పట్టుకున్నాడు. పిడుగు కూడా ఒకసారి డ్రోనును తిన్నగా తాతయ్య మీదికే తోలింది, పొరపాటునే. దర్జీ మాత్రం మొదటిసారే చక్కగా నిలబెట్టాడు.

"ఎలా బాబాయ్?" అంది పిడుగు.

"ఇందులో ఏముందమ్మా? కొలతలిచ్చేవాళ్లు మనకెదురుగానే నిలబడతారు. వాళ్ల ఎడమ భుజం మన కుడివైపే ఉంటుంది. ఇదీ అంతే, చొక్కా అడగని కస్టమరు."

ఇంత చక్కటి బ్యాచిని పట్టుకుని అమ్మమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దించు, దించు, దించు. కాస్త గాలి వీచిందా, దించు. కాకి అరిచిందా, దించు. ఏమీ జరగలేదా, అనుమానంగా ఉంది, దించు. ఎవరో ఒకరిని కాదు, అందరినీ ఒకేసారి. గొంతు కూడా మామూలుది కాదు, ఓడ మీద ఉన్నవాళ్లకు క్రేను పైనుంచి వినబడిన గొంతు.

ఒకరోజు గ్యాసు సిలిండరు బండి గేటు దగ్గర ఆగింది. "అమ్మా, ఎక్కడ పెట్టమంటారు?" అని అరిచాడు బండివాడు. "అక్కడే దించు!" అంది అమ్మమ్మ, తిరిగి చూడకుండా. మైదానంలో మూడు డ్రోనులూ టపటపా దిగిపోయాయి. ఇంజనీరుది, దిగడానికని పరిచిన ప్యాడ్ మీద దిగింది. దర్జీది గోదాం మెట్ల మీద. పిడుగుది తాతయ్య ఆరేసిన దుప్పటి మీద కూర్చుని, దుప్పటిని కప్పుకుని కింద పడింది.

"మిమ్మల్నెవరు దించమన్నారు?" అంది అమ్మమ్మ.

"మీరే కదండీ!"

"నేనన్నది సిలిండర్ని."

"పైకి చూస్తున్నవాళ్లకు ఎవర్నో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు ఇంజనీరు.

ఈ గొడవంతా విని భయపడి సిలిండరును మళ్లీ బండిలోకి ఎత్తేసిన బండివాణ్ణి ఒప్పించి దాన్ని కిందికి తెప్పించేసరికి తాతయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది.

అమ్మమ్మ దగ్గర ఇంకో విడ్డూరం కూడా ఉండేది. మెడలో పట్టీకి ఒక పెద్ద రిమోటు. దాని మీద ఎర్ర స్విచ్చు. నేర్చుకునేవాళ్ల చేతిలో డ్రోను అదుపు తప్పితే, ఆ స్విచ్చు నొక్కగానే పగ్గాలు నేర్పేవాళ్ల చేతికి వచ్చేస్తాయి. కాకపోతే అది ఒక్కసారికి ఒక్క డ్రోనుకే కలుస్తుంది. ఎవరి డ్రోనుకు కలిపిందో అమ్మమ్మ ఎవరికీ చెప్పదు.

"చెప్తే ఒకరు ఏడుస్తారు, ఇద్దరు బద్ధకిస్తారు" అంటుంది. బ్యాచి మొదలయ్యాక ఆమె ఆ స్విచ్చు నొక్కగా ఎవరూ చూడలేదు. పని చెయ్యదేమోనని పిడుగు అనుమానం. "అరవడమైతే చార్జింగు పెట్టక్కర్లేదుగా" అని ఇంజనీరు చెవిలో అంది. ఇంజనీరు నవ్వి, నవ్వినందుకు చుట్టూ చూసుకున్నాడు.

పరీక్ష ఇంకో వారముందనగా పిడుగుకు ఓపిక అయిపోయింది. ఇన్నాళ్లలో అమ్మమ్మ తిన్నగా ఒక్క ఎనిమిది కూడా వెయ్యనిచ్చిన పాపాన పోలేదు. స్కూటరు లైసెన్సుకు నేల మీద వేసే ఎనిమిదినే ఇక్కడ గాలిలో వెయ్యాలి. ఒక సున్నా చుట్టి రెండోది మొదలుపెట్టేసరికి "దించు" అంటుంది. ఇప్పటిదాకా తాను వేసినవన్నీ సున్నాలే అని పిడుగు లెక్క. టీ దగ్గర సమ్మె ప్రతిపాదించింది.

"రేపు ఎంత అరిచినా ఎవ్వరం దించొద్దు. గాలిలోనే ఉందాం. ఏం చేస్తుంది? పైకొచ్చి పట్టుకుంటుందా?"

"మేడం బాధపడతారేమో" అన్నాడు ఇంజనీరు.

"బాధపడితే గొంతు తగ్గుతుంది. మంచిదేగా. బాబాయ్, నువ్వేమంటావ్?"

దర్జీ టీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "గాలి లేకపోతే పర్లేదమ్మా" అన్నాడు.

"గాలి ఉంటే మాత్రం? నువ్వే కదా అందరికన్నా బాగా నిలబెట్టేది!"

"సరే మరి. అందరూ అంటే నేనూను."

మర్నాడు గాలి ఉంది. పెద్దదేం కాదు, ఉండుండి గోదాం రేకులు గలగలమనేంత. మూడు డ్రోనులూ లేచాయి. పిడుగు ఒక సున్నా చుట్టింది. అనుకున్నట్టే కేక వచ్చింది.

"దించండి!"

ఎవరూ దించలేదు. పిడుగు రెండో సున్నాలోకి తిప్పింది. జీవితంలో మొదటి ఎనిమిది. సంతోషంతో ఒళ్లు తెలియలేదు.

"దించమన్నానా! దించండి!"

ఇంజనీరు మెడ లోపలికి లాక్కుని, కళ్లు డ్రోను మీదే పెట్టి, వినబడనట్టు నటించాడు. నటించడం అలవాటు లేని మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. పిడుగుకు నవ్వొచ్చి దర్జీ వంక చూసింది, ఆయన ముఖం ఎలా ఉందో చూద్దామని.

దర్జీ నవ్వడం లేదు. ఆయన డ్రోను గాలికి కొట్టుకుపోతూ మెల్లగా గోదాం వైపు జరుగుతోంది. స్టిక్కుల మీద ఆయన బొటనవేళ్లు వణుకుతున్నాయి. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించే వేళ్లు, రిమోటుతో సహా వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట. దించాలని ఉంది, కానీ మిగతా ఇద్దరూ పైనే ఉన్నారు. ఇప్పుడు దించితే తాను భయపడి దించినట్టు. ఆ సంగతి పెదవి కొరుక్కుంటున్న ఆ ముఖం మీద ఉన్నదున్నట్టు కనబడుతోంది.

పిడుగు అమ్మమ్మ వైపు తిరిగింది. అమ్మమ్మ అరవడం ఆపేసింది. చూపు దర్జీ డ్రోను మీదే ఉంది. బొటనవేలు ఎర్ర స్విచ్చు మీదే ఉంది, కానీ నొక్కడం లేదు. డ్రోను గోదాం రేకులకు మూరెడు దూరంలోకి వచ్చింది. అయినా నొక్కలేదు. తల తిప్పి మనవరాలిని చూసింది. గొంతు ఎక్కువా లేదు, తక్కువా లేదు. "పిడుగా" అంది. అంతే. దించమని కూడా అనలేదు.

పిడుగుకు ఎందుకో ఏమిటో పూర్తిగా అర్థం కాలేదు. కానీ నోరు మాత్రం టక్కున తెరుచుకుంది.

"అమ్మో! అమ్మమ్మ కోపంగా ఉంది! నావల్ల కాదు బాబోయ్, నేను దించేస్తున్నా!" అని మైదానమంతా వినబడేలా అరిచి, నిలువునా దించేసింది. అది చూసి ఇంజనీరు ఊపిరి పీల్చుకుని తనదీ దించాడు. ఆ వెంటనే దర్జీ డ్రోను గోదాం నుంచి వెనక్కి తిరిగి, ముందు తూలినా తర్వాత సర్దుకుని, వచ్చి ప్యాడ్ మధ్యలో బుద్ధిగా కూర్చుంది.

దర్జీ చెమట తుడుచుకుని నవ్వాడు. "సమ్మె అని ఎగిరిందెవరు, ముందు దించిందెవరు! నేను ఇంకాసేపు ఉండేవాణ్ణే, నీకోసం దించాను."

"అవును బాబాయ్" అంది పిడుగు. "నేనే పిరికిదాన్ని."

జీవితంలో ఆమె తనంతట తాను ఓటమి ఒప్పుకోవడం అదే మొదలు. ఇంజనీరు ఆశ్చర్యంగా చూశాడు. అమ్మమ్మ మాత్రం లోపలికి వెళ్లి నీళ్లు తాగింది.

ఆ సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ దర్జీ తనే చెప్పాడు. ఇంతకు ముందు ఇంకో చోట చేరాడట. "అక్కడి మాస్టారు మంచివాడే, కానీ తొందరెక్కువ. గాలొచ్చి నా చెయ్యి కాస్త తడబడితే చాలు, ఎర్ర స్విచ్చు నొక్కి 'ఇటివ్వండి, మీకు రాదు' అనేవాడు. అందరిముందూ. చేతిలో రిమోటు ఉండేది, దానికి డ్రోను ఉండేది కాదు. మానేశాను. ఇక్కడ దించమ్మ గారికి ఆ స్విచ్చు సంగతే గుర్తుండదు, అదే నా అదృష్టం. ఎంతసేపూ ఆ అరుపు ఒకటి, అది భరించాలి."

అమ్మమ్మ వేలు ఆ స్విచ్చు మీదే ఉండటం చూశానని చెప్పబోయి, పిడుగు మాట మింగేసింది. అది కూడా ఆమెకు కొత్తే.

పరీక్ష పెట్టడానికి బయటినుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పొడుగాటి మనిషి, నీడలో నిలబడినా టోపీ తియ్యడు. రాగానే అమ్మమ్మకు నమస్కారం పెట్టి, గదిలో కూర్చోమన్నాడు.

"నేనుంటే ఏమిటట?"

"అమ్మా, పోయినసారి మీరు ఎవరితోనో 'టీ కప్పు దించు' అన్నారు. పరీక్షలో ఉన్నవాడు డ్రోను దించేశాడు. దయచేసి లోపలే ఉండండి. తలుపు వేసుకోండి. కిటికీ కూడా."

అమ్మమ్మను తాతయ్య లోపలికి తీసుకెళ్లాడు. తలుపు వేశారు, కిటికీ వేశారు. కిటికీ అద్దం వెనక అమ్మమ్మ ముఖం, ఆమె భుజం మీదినుంచి తాతయ్య ముఖం, ఫోటో కట్టించినట్టు కనబడుతున్నాయి.

ఆఫీసరు నిబంధనలు చెప్పాడు. గాలిలో కదలకుండా నిలబెట్టాలి, ఎనిమిది వెయ్యాలి, ముఖం ఇటు తిప్పి నిలబెట్టాలి, ప్యాడ్ మీద దించాలి. "మధ్యలో పరిస్థితి బాగాలేదనిపిస్తే ఎవరైనా దించొచ్చు. ఎందుకు దించుతున్నారో గట్టిగా చెప్పి దించితే తప్పు లేదు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. చెప్పకుండా డ్రోనును గాలికి వదిలేస్తే మాత్రం ఫెయిలు."

ఇంజనీరు తనదైన పద్ధతిలో నిదానంగా, రెండుసార్లు సరిచూసుకుంటూ, తప్పు పట్టడానికి వీల్లేకుండా ముగించాడు. తర్వాత పిడుగు. ఆమె ఎనిమిది చూసి ఆఫీసరు టోపీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఆపేవాళ్లు లేరు కదా అని అడగని మెలికలు కూడా రెండు వేసింది. ఆ ఊపులోనే రివ్వున కిందికి తెచ్చింది. డ్రోను ప్యాడ్ అంచు మీద ఒక కాలు, మట్టిలో ఒక కాలు వేసి, ఒకసారి గెంతి, పక్కకు ఒరిగింది.

"ఎగరెయ్యడం బ్రహ్మాండం" అన్నాడు ఆఫీసరు. "పాసే. దించడంలో మాత్రం అత్తెసరు."

ఆఖరున దర్జీ. మెడలో టేపు సవరించుకుని రిమోటు అందుకున్నాడు. డ్రోను లేచింది, కదలకుండా నిలబడింది. ఎనిమిదిలో మొదటి సున్నా కుట్టు తప్పకుండా తిరిగింది. రెండో సున్నా మొదలయ్యేసరికి గోదాం రేకులు గలగలమన్నాయి.

పిడుగుకు ముందు కనబడింది ఆయన వేళ్లు. వణుకు మొదలైంది. దర్జీ ఒక్క క్షణం గది వైపు చూశాడు. ఆ వైపునుంచి రోజూ ఈ సమయానికి రావాల్సిన కేక రాలేదు. కిటికీ అద్దం వెనక అమ్మమ్మ నోరు తెరుచుకుంది. తాతయ్య చెయ్యి వెంటనే వచ్చి ఆ నోటిని మూసింది. ఇన్నేళ్ల సంసారంలో ఆయన అంత సాహసం చెయ్యడం అదే మొదలు.

డ్రోను పక్కకు జరుగుతోంది. ఆఫీసరు పెన్ను మూత తీశాడు. పిడుగు తనే అరిచేద్దామనుకుంది, కానీ అరిస్తే దర్జీ పరీక్ష పోతుంది. పిడికిళ్లు బిగించి నిలబడింది.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. వేళ్లు వణుకుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

"గాలి పెరిగిందండీ. దించుతున్నాను."

దించాడు. అలాంటి గాలిలో అలాంటి వేళ్లతో డ్రోను తిన్నగా వచ్చి ప్యాడ్ మధ్యలో దిగింది. దిగకేం చేస్తుంది? బ్యాచి మొదలైన దగ్గరనుంచీ ఆయన నేర్చుకున్నది అదే కదా, రోజుకు ఎన్నిసార్లో, ఎన్ని రకాల గాలుల్లోనో. దించాక వేళ్లు విరుచుకున్నాడు. ఇంజనీరు చేసినట్టే గడ్డి పరక ఎగరేసి చూశాడు. రేకుల చప్పుడు ఆగేదాకా తొందరపడకుండా నిలబడ్డాడు. "ఇప్పుడు పర్లేదండీ, మళ్లీ లేపుతున్నాను" అన్నాడు. ఈసారి ఎనిమిది పూర్తయింది. డ్రోను ముఖం ఇటు తిప్పి, చొక్కా అడగని కస్టమరును నిలబెట్టినట్టు నిలబెట్టాడు. చివరికి దించాడు.

ఆఫీసరు పెన్ను మూత పెట్టేశాడు. "పాస్. తోటల్లో మందు చల్లాలంటే ఇలాంటివాళ్లే కావాలి. ఎప్పుడు దించాలో తెలిసినవాళ్లు."

గది తలుపు తెరుచుకుంది. ఈలోపు దర్జీ కొడుక్కి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు, అందరూ వినాలని. "పాసయ్యాన్రా! సోమవారం నుంచి పనిలోకి... ఏంటి? మిషను అమ్మడమా? నువ్వు అమ్ముకోరా నీ సోఫా, నేనింక దాని మీద కూర్చోను!"

వెళ్లేముందు అమ్మమ్మకు చేతులు జోడించాడు. తర్వాత గేటు దగ్గర పిడుగును పక్కకు పిలిచి, రహస్యం చెబుతున్నట్టు చెప్పాడు, అందరికీ వినబడేంత గట్టిగా.

"మీ అమ్మమ్మ మంచి మనిషే అమ్మా. కానీ ఊరికూరికే దించమంటుంది, అదొక్కటే పిచ్చి. ఆ అరుపులే లేకపోతే నేను ఇంకో పది రోజులు ముందే పరీక్షకు తయారయ్యేవాణ్ణి. నువ్వు కాస్త చెప్పి చూడు."

"చెప్తాను బాబాయ్" అంది పిడుగు.

గది మెట్ల మీద కూర్చున్న అమ్మమ్మ ఆ మాటలన్నీ వింది. ముఖం మీద నవ్వు ఎంత దాచుకున్నా దాగలేదు. ఉద్యోగంలో ఉత్తమ ఉద్యోగి బహుమతి ఇచ్చిన రోజు కూడా ఇంత సంతోషంగా లేదని తాతయ్య తర్వాత చెప్పాడు.

ఇంజనీరు కూడా వెళ్లిపోయాక పిడుగు వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, నీ మెడలో రిమోటు ఎవరి డ్రోనుకు కలిపి ఉండేది?"

"నీకెందుకే?"

"మొదటి రోజునుంచీ దర్జీ గారిదానికే" అన్నాడు తాతయ్య లోపల్నుంచి. బ్యాటరీల శాఖకు అన్నీ తెలుస్తాయి. "ఆ స్విచ్చు మీద దుమ్ము కూడా నేనే తుడిచేవాణ్ణి."

"గొంతు దించండి!" అంది అమ్మమ్మ. కానీ ఈసారి ఆ మాటలో పస లేదు.

"రేకులకు తగిలిపోయేది, అయినా నొక్కలేదేం?"

"తగిలితే రెక్క విరిగేది. కొత్తది బిగించేదాన్ని. నొక్కితే ఆయన ముందు చోట మానేసినట్టే ఇక్కడా మానేసేవాడు, అక్కడి మాస్టారు నాకు తెలిసినవాడే." అమ్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన ఒక్కణ్ణే దించమంటే తనకు భయమని తనకీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. అందర్నీ దించమంటే ఏమవుతుంది? ముసల్దానికి పిచ్చి అనుకుంటారు. అనుకోనీ. పిచ్చి నాదైతే ఆయనకేం నష్టం?"

పిడుగు ఇంకా దగ్గరికి జరిగింది. అమ్మమ్మ భుజానికి తల ఆనించింది. అలా ఎక్కువసేపు ఉండటం ఆమె ఒంటికి పడదు కాబట్టి, వెంటనే లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అంటే ఇన్నాళ్లూ నన్నూ ఆ ఇంజనీర్నీ దించు దించు అని పీక్కుతిన్నది ఉత్తుత్తినే అన్నమాట! దర్జీ బాబాయి కోసం మేం ఊరికే బలయ్యాం!"

"ఇంజనీర్ని ఉత్తుత్తినే అన్నాను" అంది అమ్మమ్మ, ఒప్పుకుంటూ. "పాపం, ఆ అబ్బాయికి అసలు అవసరమే లేదు."

"మరి నన్ను?"

అమ్మమ్మ మైదానంలోకి చూసింది. ప్యాడ్ పక్కన మట్టిలో, డ్రోను గెంతి ఒరిగిన చోట, కోడి గీరినట్టు గీతలున్నాయి. వాటిని తీరిగ్గా చూసి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"నిన్ను మాత్రం నిజంగానే అన్నానే" అంది.